మధ్య పెడల్ పరువు

నేను ఒక బ్రేకు పెడల్ని. డ్రైవరు కాళ్ల దగ్గర మేం ముగ్గురం అన్నదమ్ములం వరసగా ఉంటాం. ఎడమవైపు వాడు క్లచ్, కుడివైపు వాడు యాక్సిలరేటర్, నడిమివాణ్ని నేను. పేరుప్రతిష్ఠలన్నీ కుడివైపు వాడివే. బండి జోరుగా పోయిందంటే వాడి ఘనత. గండం దగ్గర ఆగిందంటే మాత్రం నా పేరు ఎవరూ ఎత్తరు, 'దేవుడే కాపాడాడు' అంటారు. దేవుడి మీద నాకు కోపమేమీ లేదు. ఆయన పని ఆయన చేస్తాడు. కాకపోతే మలుపు దగ్గర మీరు తొక్కేది నన్ను.

నా పుట్టుక కలకత్తా దగ్గర ఒక కర్మాగారంలో జరిగింది. ఎర్రగా కాలిన ఇనప కమ్మీని యంత్రపు సుత్తి కింద పెట్టి నాలుగు దెబ్బలు వేసి నాకు ఈ వంపు తెచ్చారు. పాదం ఆనేచోట రబ్బరు టోపీ తొడిగారు. తర్వాత ఒక తెల్ల కారులో బిగించారు. ఒకప్పుడు కలెక్టరుకైనా పెళ్లికొడుక్కైనా ఒకటే కారు ఉండేదే, గుండ్రటి పొట్టతో, ఆ జాతి బండి. మీరూ ఎప్పుడో ఒకప్పుడు దాని వెనకసీటులో ఆరుగురితో కలిసి ఇరుక్కుని ఉంటారు.

మనుషుల్ని మీరు ముఖం చూసి పోల్చుకుంటారు. నాకు తెలిసిందల్లా పాదాలు. పాదం అబద్ధం చెప్పదు. నోటితో 'నాకేం భయం' అంటున్నవాడి మడమ వణకడం నేను ఎన్నిసార్లు చూశానో!

నా మొదటి యజమాని సర్కారు. నల్లబూట్ల డ్రైవరు నన్ను తొక్కేవాడు, వెనకసీటులో ఇంజనీరు దొర నిద్రపోయేవాడు. దొర నిద్ర చెడకుండా బండి ఆపడమే నా ఉద్యోగం. దేశానికి నేను చేసిన సేవ అది. తర్వాత వేలంలో మదనపల్లె నూనెమిల్లు శెట్టిగారు కొన్నారు. ఆయన బండిని లక్ష్మీదేవి అనేవారు, చెప్పులతో ఎక్కేవారు కాదు. ఆయుధపూజ నాడు వంగి నాకు పసుపు రాసి, కుంకుమబొట్టు పెట్టి, చేతులు జోడించి దణ్ణం పెట్టేవారు. పెట్టి, లేచి కూర్చుని, అదే బొట్టు మీద పాదం మోపి తొక్కేవారు. మనుషుల భక్తి మీద నాకున్న అభిప్రాయం ఆనాటిదే. తప్పు పట్టడం లేదు, ముచ్చటేసింది.

శెట్టిగారి దగ్గర నుంచి టాక్సీ గురప్ప చేతికి వచ్చాను. గురప్ప హార్సిలీ కొండకు యాత్రికుల్ని తిప్పేవాడు. ఆయనకు ఒక్కతే కూతురు, రెడ్డిరాణి. డ్రైవింగు నేర్పిస్తానని ఆ పిల్లను ఖాళీ మైదానానికి తీసుకుపోయిన మొదటిరోజు, ఆమె నన్ను పామును తొక్కినట్టు తొక్కింది. గురప్ప తల వెళ్లి అద్దానికి కొట్టుకుంది. ఆయన నుదురు రుద్దుకుంటూ, "కోడిగుడ్డు మింద కాలు పెట్టినట్ల పెట్టాల పాపా. ముందు తాకాల, ఆమీట ఒత్తాల" అన్నాడు. ఆ మాట ఆమె మరచిపోలేదు. గురప్ప పోయాక బండి ఆమెది అయింది. మదనపల్లె టాక్సీ స్టాండులో ఆడమనిషి ఆమె ఒక్కతే. మిగతావాళ్ల బండ్లలో కొండ దిగేటప్పుడు ప్రయాణికులకు కడుపులో తిప్పుతుంది, ఆమె బండిలో పిల్లలు నిద్రపోతారు. అందులో నా వాటా ఎంతో నేను చెప్పుకోకూడదు. చెప్పుకుంటున్నాను: సగం.

ఆమె భర్త పేరు చెంగల్రాయులు. టమోటా మండీలో వేలం పాడే మనిషి. ఆయన 'ఒకటోసారి' అని అరిస్తే మండీ అవతల రోడ్డు మీద సైకిలు వాడు కూడా ఆగి చూస్తాడు. అంత గొంతున్న మనిషికి కొండదారి అంటే గుండెల్లో రాయి. పెళ్లయినప్పటి నుంచి ముందుసీటులో కూర్చుని కొండ ఎక్కింది లేదు. పెళ్లాం కొండకు పోయిన రోజు ఆమె తిరిగి వచ్చేదాకా ఆయన వేలంలో గొంతు ఒక స్థాయి తగ్గుతుందని స్టాండులో అందరూ ఎగతాళి చేస్తారు. ఎగతాళి అనుకుంటారు గానీ, అది నిజం.

ఇక నా పరువు పోయిన సంగతికి వస్తాను.

ఒకరోజు కొండ దిగుతుండగా రెడ్డిరాణి పాదం కింద నేను మామూలు కంటే కాస్త కిందికి జారాను. నా తప్పు కాదు. నా వెనకాల ఒక కడ్డీ ఉంటుంది, దాని చివర మాస్టర్ సిలిండర్ అనే ఇనప గొట్టం. నన్ను తొక్కితే కడ్డీ ఆ గొట్టంలోని ఆయిల్‌ను తోస్తుంది, ఆయిల్ నాలుగు చక్రాల దగ్గరికీ పోయి వాటిని పట్టుకుంటుంది. ఆ గొట్టంలో రబ్బరు ముసలిదైంది. రెడ్డిరాణి వెంటనే గ్రహించింది. గేరు తగ్గించి, నిదానంగా దిగి, నేరుగా మునిరత్నం షెడ్డుకు తోలింది.

మునిరత్నం గురప్ప కాలం నాటి మెకానిక్కు, ఆమెకు మామ వరస. మంచి పనివాడు. గొట్టం మార్చాడు, చక్రాల దగ్గర రబ్బర్లు మార్చాడు, చక్రాన్ని లోపలినుంచి పట్టే బ్రేకు షూలు కొత్తవి వేశాడు, కొత్త ఆయిల్ పోశాడు. అన్నీ అయ్యాక రెడ్డిరాణిని పిలిచి, "తొక్కు పాపా, రాయి మాదిరి ఉంటాది చూడు" అన్నాడు.

ఆమె తొక్కింది. నేను నేలదాకా పోయాను.

మెత్తగా, దూదిమూటలాగా పోయాను. వెంటవెంటనే రెండు మూడుసార్లు తొక్కితే కొంచెం పైకి లేచాను. కాసేపు వదిలేస్తే మళ్లీ మొదటికే వచ్చాను. మునిరత్నం ముఖం నేను చూడలేదు గానీ, తానే వచ్చి నన్ను తొక్కినప్పుడు ఆయన బొటనవేలు సిగ్గుపడడం నాకు తెలిసింది.

"గాలుండాది" అన్నాడు.

నిజమే. ఆయిల్ మొండిది, ఎంత నొక్కినా నలగదు, తనకిచ్చిన బలాన్ని చక్రం దాకా మోసుకుపోతుంది. గాలి అట్లా కాదు. మాట మాత్రం ఇస్తుంది, నొక్కితే ముడుచుకుంటుంది. ఆయిల్లో ఉలవగింజంత గాలి చిక్కినా చాలు, నా బలమంతా దాన్ని ముడవడానికే సరిపోతుంది. ఆ గాలి ఎక్కడుందో నాకు తెలుసు. నా కడ్డీకి అవతల, గొట్టం ముందుకొనలో నక్కి కూర్చుంది. కానీ నాకున్న భాష ఒక్కటే, మెత్తబడడం. 'ఇక్కడుంది, ఇక్కడుంది' అని తొక్కిన ప్రతిసారీ నేను మొత్తుకున్నాను. వాళ్లకు 'మెత్తగుంది, మెత్తగుంది' అని వినిపించింది.

గాలి తీయడానికి మునిరత్నం చేయనిది లేదు. దూరపు చక్రం నుంచి మొదలుపెట్టి ఒక్కో చక్రం దగ్గర మర విప్పి ఆయిల్ వదిలాడు. రెడ్డిరాణి పైన కూర్చుని, ఆయన "తొక్కు" అంటే తొక్కుతూ, "పట్టు" అంటే పట్టుకుంటూ, కాలు నొప్పి పుట్టేదాకా సాయం చేసింది. ఎక్కడైనా కారుతోందేమోనని చక్రాలన్నీ విప్పి చూశాడు, అన్నీ పొడిగా ఉన్నాయి. షూలు దగ్గరికి బిగించాడు. నేను కాస్త ఎత్తుకు లేచాను గానీ మెత్తదనం పోలేదు. రబ్బరు గొట్టాలు ఉబ్బుతున్నాయేమోనని ఒక్కోదాన్ని చేత్తో పట్టుకుని చూశాడు. కొత్త సిలిండరే పనికిరానిదేమోనని ఇంకొకటి తెప్పించి వేశాడు. అదీ అంతే. పాపం, అది నిక్షేపమైన సిలిండరు.

స్టాండులో మాట పుట్టింది. "ముసలి బండి, దానికి కొండెందుకు?" అని ఒకడు. "పెడలే మెత్తబడిపొయ్యింది, పెడల్ మార్చాల" అని ఇంకొక మహానుభావుడు. ఇనుము మెత్తబడడమేమిటయ్యా? ఎర్రగా కాల్చి సుత్తితో కొడితే గానీ వంగని వాణ్ని నేను! ఆ మాట వింటే నాకు కోపం నషాళానికి అంటింది.

ఇంటి గొడవ కూడా షెడ్డు దాకా వచ్చింది. చెంగల్రాయులు షెడ్డుకు వచ్చి, అందరి ముందూ గొంతు తగ్గించి అన్నాడు. వేలంపాట గొంతు అంత చిన్నగా వస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు.

"ఇంగ చాలు మే. పాతినుమోళ్లకు ఇచ్చేద్దాం."

"నాయన బండి" అంది రెడ్డిరాణి.

"మీ నాయన ఉన్నింటే ఆయన్నే అడిగేవాణ్ని, బండి కావల్నా కూతురు కావల్నా అని. ఈ బ్రేకుతో నువ్వు కొండ దిగతా ఉంటే నేనీడ ఎట్ల ఉండేది? బండి పోతే పోనీ. నువ్వు పోతే నేనేం చేసేది?"

ఆయన చెప్పింది నిజం, అదే ఆమెకు కష్టమైంది. బండి పోతే ఆమెకు స్టాండులో చోటు పోతుంది, కొండ పోతుంది, నాన్న నేర్పిన విద్య పోతుంది. ఆమె నన్ను ఒకసారి తాకి, తాళం చెవి భర్త చేతిలో పెట్టింది. నాకు ఏడుపొచ్చింది. ఇనుముకు కన్నీళ్లుండవు కాబట్టి బతికిపోయాను.

శుక్రవారం సాయంత్రం పాత ఇనుము వ్యాపారి లారీ తెచ్చాడు. ఇక్కడ ఆ షెడ్డు గురించి ఒక మాట చెప్పాలి. మునిరత్నం పాత షెడ్డు బెంగళూరు రోడ్డు పక్కన చదును నేల మీద ఉండేది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు అది పోయింది. ఈమధ్యనే ఊరి చివర గుట్టవాలులో ఈ కొత్త చోటు తీసుకున్నాడు. ఆ వాలు ఎక్కలేక లారీ కింద గేటు దగ్గరే ఆగిపోయింది. అందుకని నలుగురూ చేరి, కారును వెనక్కూ ముందుకూ తోసి, మూతి పల్లానికి వచ్చేలా తిప్పి, చక్రాల కింద బండరాళ్లు పెట్టారు. దొర్లించి లారీలోకి ఎక్కిద్దామని వాళ్ల ఆలోచన.

అప్పుడు చెంగల్రాయులుకు వారం గుర్తుకొచ్చింది. "ఈ పొద్దు శుక్రవారం. మాయింటి సొత్తు బయటికి పంపేది ల్యా. రేపు పొద్దున రా" అన్నాడు.

"శనివారం ఇనుము కొనగూడదంటారే?" అన్నాడు వ్యాపారి నవ్వుతూ.

"అది నీ తలనొప్పి" అన్నాడు చెంగల్రాయులు. పాత ఇనుము వ్యాపారికి ఏ వారమైనా ఒకటే, అతను వెళ్లిపోయాడు.

నేను ఆ రాత్రంతా మూతి కిందికి పెట్టుకుని ఉన్నాను. నా కడ్డీ అవతల ఏదో మెల్లగా కదిలినట్టనిపించింది. దిగులు వల్ల అలా అనిపిస్తోందనుకున్నాను.

తెల్లవారాక రెడ్డిరాణి వచ్చింది. డాష్‌బోర్డు మీది అమ్మవారి బొమ్మ తీసుకుంది, గురప్ప కూర్చునే మెత్తను మడతపెట్టింది. సీటు కింద కాస్త వాడిన బ్రేకు ఆయిల్ సీసా ఉంటే పక్కసీటు మీద పడేసింది. అన్నీ సర్దాక చెప్పులు విప్పి, చివరిసారిగా నా మీద పాదం పెట్టింది. గుడ్డు మీద పెట్టినట్టు తాకి, ఒత్తింది.

నేను సగందాకా వెళ్లి ఆగాను!

ఆమె పాదం బిగుసుకుంది. తీసి మళ్లీ తొక్కింది. నేలదాకా పోలేదు. ఎవరూ ముట్టుకోలేదు, ఎవరూ మర విప్పలేదు. నిన్నటికీ ఈ పొద్దుటికీ మారిందేమిటి? ఆమె చుట్టూ చూసింది. పక్కసీటు మీద సీసా మూతి ముందుకు పెట్టుకుని పడి ఉంది. కారు మూతి పల్లానికి ఉంది కాబట్టి, సీసాలో ఆయిల్ ముందుకు చేరి, గాలిబుడగ వెనకవైపుకు వచ్చి నిలిచింది. ఆమె సీసాను చేతిలోకి తీసుకుని మూతి పైకెత్తింది. బుడగ ముందుకు పరిగెత్తింది. దించింది. బుడగ వెనక్కి వచ్చింది.

"మామా! ఇట్ల రా!" అని ఆమె వేసిన కేకకు గుట్ట మీద మేకలు తలెత్తి చూసి ఉంటాయి. "ఇన్నాళ్లూ బండిని ఎట్ల నిలబెట్టి పని చేసినావు?"

"తూర్పు ముఖంగా" అన్నాడు మునిరత్నం, అదేం ప్రశ్న అన్నట్టు. "ఇంజను పనైతే ఎట్లయినా పెడతా. బ్రేకు ప్రాణంతో పని గదా పాపా. సూర్యుడికి ఎదురుగా పెట్టందే మొదలుపెట్టను."

"ఈడ తూర్పంటే ఎగువ గదా మామా."

మునిరత్నం గుట్టను చూశాడు, సూర్యుణ్ని చూశాడు, ఆమె చేతిలోని సీసాను చూశాడు. ఆమె సీసా మూతి పైకెత్తి చూపించింది. రెండు చేతులతోనూ తలకొట్టుకుని పెద్దగా నవ్వాడు.

విషయం ఇంతే. పాత షెడ్డులో తూర్పు ముఖమైనా నేల చదును, ఏ ఇబ్బందీ లేదు. ఇక్కడ తూర్పు ముఖమంటే మూతి ఆకాశానికి. కొత్తగా వేసిన సిలిండరు ఖాళీగా వచ్చింది, అందులోని గాలి పైకి, అంటే ముందుకొనకు ఎక్కి కూర్చుంది. గాలి పైనున్న ఆయిల్ గిన్నెలోకి బయటపడే సన్నని బెజ్జం వెనకవైపు ఉంది. ఆయన చక్రాల దగ్గర ఎంత ఆయిల్ వదిలినా అది ఆ మూల నుంచి కదల్లేదు. శుక్రవారం పట్టింపు పుణ్యమా అని కారు ఒక రాత్రి మూతి దించుకుని నిలబడితే, కొంత గాలి తనంతట తానే వెనక్కి జరిగి బెజ్జంలోంచి పోయింది. ఒక పట్టింపు చేసిన చిక్కును ఇంకో పట్టింపు విప్పింది. మనుషులతో కాపురం ఇట్లాగే ఉంటుంది.

మునిరత్నం బానెట్ ఎత్తి ఆయిల్ గిన్నె మూత తీశాడు. "తొక్కొద్దు పాపా. చేత్తో, ఊరికే అట్ల అట్ల తట్టు" అన్నాడు. ఆమె నేల మీద మోకరిల్లి, అరచేత్తో నన్ను చిన్నగా, మళ్లీ మళ్లీ తట్టింది. బిడ్డకు జోకొట్టినట్టు ఉంది నాకు. ఒక్క బుడగ లేచింది. ఆగి, ఇంకోటి. తర్వాత ముత్యాల పేరు తెగినట్టు వరసగా వచ్చాయి.

"వస్తా ఉండాయి పాపా! నిలపొద్దు! ఇంగొకటి... అబ్బా, ఇది చూడు, రేగ్గాయంత!" మునిరత్నం గిన్నె మీద వంగి చిన్నపిల్లాడిలా గంతులు వేస్తున్నాడు.

బుడగలు ఆగిపోయాయి. ఆమె లేచి కూర్చుని తొక్కింది. నేను అంగుళం కదిలి నిలబడ్డాను. ఆమె బలంగా ఒత్తింది. నేను కదల్లేదు. రెండు కాళ్లూ పెట్టి ఒత్తింది. అయినా కదల్లేదు! రాయంటే రాయి, గుండంటే గుండు. 'ఎవడ్రా నన్ను మెత్తబడ్డాడన్నది?' అని స్టాండు దాకా వినపడేలా అరవాలనిపించింది. మునిరత్నం అంతటితో వదల్లేదు, నాలుగు చక్రాల దగ్గరా మరోసారి ఆయిల్ వదిలి, మిగిలిన పొల్లుగాలి కూడా తీసేశాడు.

తర్వాతి సంగతి ఇప్పుడే చెప్పేస్తాను. మునిరత్నం తన నియమం మార్చుకోలేదు. ఇప్పటికీ బ్రేకు పని తూర్పు ముఖంగానే చేస్తాడు. కాకపోతే పల్లం వైపు రెండు ఇటుక దిమ్మెలు కట్టించాడు, వెనక చక్రాలు వాటి మీదికి ఎక్కుతాయి. ముఖం సూర్యుడికి, మూతి పల్లానికి. సూర్యుడికీ గాలికీ రాజీ కుదిర్చినవాణ్ని నేను ఆయన్నొక్కణ్నే చూశాను.

ఇక ఆ పొద్దుటికి వస్తే, అప్పటికే చెంగల్రాయులూ, వెనకే ఇనుము వ్యాపారీ వచ్చారు. రెడ్డిరాణి సంగతంతా చెప్పింది. చెంగల్రాయులు వంగి నన్ను చేత్తో నొక్కి చూశాడు. ఆ చేతిలో నమ్మకం లేదు.

"ఈడ గట్టిగా ఉంటే చాలదు. కొండ మింద ఉండాల" అన్నాడు. తాళం చెవి ఆమె చేతిలో పెట్టి, వ్యాపారి వైపు తిరిగి, "నువ్వు కూచో. నేను పొయ్యొచ్చి చెప్తా" అన్నాడు.

"నువ్వా? కొండకా?" అంది రెడ్డిరాణి.

"నువ్వు పోతే నేనూ వస్తా. ముందుసీట్లోనే" అన్నాడు. అప్పుడు ఆయన మడమలు వణుకుతున్నాయి.

ఆమె అమ్మవారి బొమ్మను మళ్లీ దాని చోట పెట్టింది. కుంకుమ తెచ్చి నాకు బొట్టు పెట్టి దణ్ణం పెట్టింది. పెట్టి, అదే బొట్టు మీద పాదం ఆనించింది. ఈసారి నాకు నవ్వు రాలేదు, గర్వమనిపించింది.

బస్టాండు దాటి కొండ మొదలయ్యే దాకా ఆమె నన్ను పదేపదే పరీక్షించింది. ప్రతిసారీ నేను అదే ఎత్తున నిలబడ్డాను. ఎక్కేటప్పుడు నాకు పెద్దగా పనిలేదు. పైన వాళ్లిద్దరూ తలా ఒక టీ తాగారు. చెంగల్రాయులు టీలో సగం చొక్కా మీదే పోసుకున్నాడు.

దిగడం మొదలైంది. రెండో గేరు. ఒక మలుపు, ఇంకో మలుపు. నేను నా పని చేస్తూనే పక్కకు చూస్తున్నాను. ముందుసీటు కింద చెంగల్రాయులు కుడికాలు ప్రతి మలుపు దగ్గరా నేలను గట్టిగా తొక్కుతోంది. అక్కడ పెడల్ లేదు, ఉత్త రబ్బరు పట్ట. అయినా ఆయన తొక్కుతూనే ఉన్నాడు, భార్యకు సాయంగా, తన ప్రాణమంతా పెట్టి. నన్ను తొక్కినవాళ్లను ఎందరినో చూశాను. నేను లేనిచోట నన్ను తొక్కిన మనిషిని ప్రేమించకుండా ఎట్లా ఉండగలను?

ఒక మలుపు తిరగ్గానే రోడ్డు నిండా మేకలు.

చెంగల్రాయులు నోరు తెరిచాడు, కేక రాలేదు. రెడ్డిరాణి పాదం నన్ను తాకింది, వెంటనే ఒత్తింది. నా బలం కడ్డీలోకి, కడ్డీ నుంచి ఆయిల్లోకి, ఆయిల్లోంచి నాలుగు చక్రాలకీ ఒక్క రవ్వ తగ్గకుండా పోయింది. చక్రాలు పట్టుకున్నాయి. బండి పక్కకు లాగలేదు, జారలేదు. బంపరుకు మూరెడు దూరంలో ఒక మేకపోతు నిలబడి, బండి వాసన చూసి, పనికిరానిదని తేల్చుకుని నడిచిపోయింది.

"నిదానంగా రాకూడదా మే!" అని మేకలాయన కసిరాడు.

"వచ్చినాను కాబట్టే ఆగినాను తాతా" అంది రెడ్డిరాణి. నా మీద ఆమె పాదం ఇంకా అలాగే ఉంది, నేను దాన్ని మోస్తూనే ఉన్నాను.

అప్పుడే చెంగల్రాయులు జేబులో ఫోను మోగింది. ఇనుము వ్యాపారి.

చెంగల్రాయులు గొంతు సవరించుకున్నాడు. "ఒకటోసారి!" అన్నాడు. ఫోనులో అవతలివాడు బిత్తరపోయి ఉండాలి. "రెండోసారి! మూడోసారి! పాట అయిపొయ్యింది! బండి మా రెడ్డిరాణికే! లారీ తోలుకుని ఇంటికి పో నాయనా!"

లోయంతా ఆ గొంతు మారుమోగింది, మేకలు చెల్లాచెదురయ్యాయి. రెడ్డిరాణి కళ్లు తుడుచుకుంటూ నవ్వింది, నవ్వుతూనే బండి కదిలించింది.

తర్వాతి మలుపు ఆ దారిలోకెల్లా ఏటవాలుది. ఆమె గుడ్డు మీద కాలు పెట్టినట్టు నన్ను తాకింది. నేను అలవాటుగా పక్కకు చూశాను. చెంగల్రాయులు చెప్పులు విప్పేసి, రెండు కాళ్లూ సీటు మీదికి మడిచి బాసీపట్టు వేసుకుని, మండీలో ఆ పొద్దు టమోటా ఏ ధర పలికి ఉంటుందో ఆమెకు చెప్పడం మొదలుపెట్టాడు. కింద ఊరు వచ్చేదాకా ఆయన పాదం మళ్లీ నేలకు ఆనలేదు.